పాటంతా ఉంది... గొంతే లేదు!

కుర్రాడు కంప్యూటర్లో పాట పెట్టాడు. హెడ్‌ఫోన్స్‌ తగిలించుకున్నాడు. వయొలిన్లు వినిపిస్తున్నాయి. ఫ్లూటు వినిపిస్తోంది. వెనకాల కోరస్‌ కూడా ఉంది. పాడాల్సిన మనిషే లేడు! పల్లవి రావాల్సిన చోట ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు సన్నటి ప్రతిధ్వని... అంతే.

'పాడైపోయాయమ్మా' అన్నాడు. 'కొని ఆర్నెల్లు కాలేదు కదరా' అంది తల్లి. మరోపక్క ఆన్‌లైన్‌ కోచింగ్‌ నడుస్తోంది. అందులో మాస్టారి గొంతయితే అసలు వినిపించడమే లేదు. నెలాఖరు రోజులైనా ఎలాగో రెండున్నర వేలు సర్ది కొత్తవి తెప్పించింది. పెట్టి చూస్తే... మళ్లీ అదే కథ!

చివరికి పక్క ఫ్లాట్‌లో ఉండే కంప్యూటర్‌ మెకానిక్‌ అన్నయ్య వచ్చాడు. సీపీయూ ముందువైపున్న సాకెట్లోంచి పిన్ను లాగి, వెనకవైపున్న ఆకుపచ్చ సాకెట్లో గుచ్చాడు. గొంతు వచ్చేసింది. పాత హెడ్‌ఫోన్స్‌ తెచ్చి పెట్టి చూశారు. వాటిలోనూ వచ్చేసింది!

ఇలాంటి అనుభవం చాలా ఇళ్లలో ఏదో ఒక రూపంలో ఉంటుంది. సౌండు బాగాలేకపోతే మనం ముందుగా అనుమానించేది చెవికున్న వస్తువునే. దాన్ని మార్చేస్తాం. నిజానికి పాట కంప్యూటర్‌ లోపల పుట్టి చెవిని చేరేలోగా నాలుగైదు మజిలీలు దాటాలి. తప్పు వాటిలో ఎక్కడైనా జరగొచ్చు. ఆ మజిలీల్లో చాలావాటిని బాగుచేసుకోవడానికి రూపాయి ఖర్చుండదు. ఖర్చయ్యేది ఆ తర్వాతే, అదీ అవసరమైతేనే.

గొంతు ఎలా మాయమైంది?

హెడ్‌ఫోన్‌ పిన్నును దగ్గరగా చూస్తే నల్లటి గీతలతో విడదీసిన రింగులు కనిపిస్తాయి. మొన ఎడమ చెవికి, తర్వాతి రింగు కుడి చెవికి. ఇంకోటి రెండింటికీ ఉమ్మడి. రెండు చెవుల నుంచీ కరెంటు తిరిగి వెళ్లేది ఆ ఉమ్మడి దారిలోనే. మైకున్న హెడ్‌సెట్లయితే మైకు కోసం మరో రింగు ఉంటుంది.

సాకెట్లో దుమ్ము చేరో, స్ప్రింగు వదులైపోయో ఆ ఉమ్మడి దారి తెగిందనుకోండి. రెండు స్పీకర్లూ ఒకదాని వెనక ఒకటి కలిసిపోతాయి. అప్పుడు ఎడమవైపు శబ్దానికీ కుడివైపు శబ్దానికీ ఉన్న తేడా మాత్రమే చెవికి చేరుతుంది. స్టీరియో పాటల్లో వయొలిన్లను ఒకవైపు, వేణువును మరోవైపు ఉంచుతారు. కాబట్టి అవి బతికిపోతాయి. గాయకుడి గొంతు మాత్రం నట్టనడుమ, రెండువైపులా సమానంగా ఉంటుంది. సమానంగా ఉన్నది సమానంగానే రద్దయిపోతుంది! మిగిలేది గొంతుకు జోడించిన ప్రతిధ్వని ఒక్కటే. నూతిలోంచి పాడినట్టు అనిపించడానికి కారణం అదే.

యాభైలు, అరవైల్లో వచ్చిన మన సినిమా పాటలు మోనో రికార్డింగులు. అంటే రెండువైపులా ఉండేది ఒకే శబ్దం. వదులైన సాకెట్లో వాటిని పెడితే గొంతే కాదు, వాయిద్యాలూ దాదాపు వినిపించవు. ఆన్‌లైన్‌ మాస్టారి గొంతు పూర్తిగా పోయింది కూడా అందుకే. ఆయన మైకు ఒక్కటే, రెండు చెవులకూ వచ్చేది అదే శబ్దం. కొత్త పాట సగం వినిపించి, పాత పాట అసలు వినిపించకపోతే హెడ్‌ఫోన్స్‌ను తిట్టుకోకుండా ముందు పిన్ను సంగతి చూడాలి. గట్టిగా, చివరిదాకా నొక్కండి. ఫోన్లో పెట్టి చూడండి. అక్కడ బాగుంటే తప్పు కంప్యూటర్‌ సాకెట్‌దే.

ముందు సాకెట్‌... వెనక సాకెట్‌

డెస్క్‌టాప్‌ వాడేవాళ్లలో ఎక్కువమంది హెడ్‌ఫోన్స్‌ను సీపీయూ ముందువైపే గుచ్చుతారు. చేతికి అందేది అదేగా! కానీ ఆ ముందు సాకెట్‌ మదర్‌బోర్డుకు నేరుగా అతికి ఉండదు. లోపల ఒక సన్నటి వైరు కేబినెట్‌ అంతా చుట్టి బోర్డు దాకా వెళుతుంది. దారిలో ఫ్యాన్లు, గ్రాఫిక్స్‌ కార్డు, పవర్‌ సప్లై వైర్లు... వీటన్నిటి గోలనూ కాస్త కాస్త ఏరుకుంటూ వెళుతుంది. మౌసు కదిపినప్పుడల్లా చెవిలో 'కిర్‌ర్‌' మంటుందా? పెద్ద ఫైలు తెరిచినప్పుడు సన్నగా ఈల వేసినట్టుంటుందా? అది ఈ వైరు పనే కావచ్చు. వెనకవైపు సాకెట్లు బోర్డు మీదే ఉంటాయి. లేత ఆకుపచ్చ రంగుది శబ్దం బయటికొచ్చేది. గులాబీ రంగుది మైకుకి. రంగుల్లేని బోర్డులైతే పక్కనే గుర్తులుంటాయి. పిన్ను వెనక్కి మార్చితే సగం గోల తగ్గుతుంది. వైరు పొట్టిదైతే ఎక్స్‌టెన్షన్‌ వైరు కొనుక్కుంటే సరి.

ల్యాప్‌టాప్‌ అయితే కథ వేరు. ఛార్జర్‌ పెట్టినప్పుడు 'గుయ్‌'మంటూ, పీకేయగానే నిశ్శబ్దమైపోతే అనుమానించాల్సింది కరెంటునే. మూడు పిన్నుల ఛార్జర్‌ను రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్‌ బోర్డులో ఎలాగోలా ఇరికించడం మనకు అలవాటు. కొన్ని ఇళ్లలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది గానీ దానికి ఎర్త్‌ వైరే ఉండదు. ఎర్త్‌ లేకపోతే ఆ గుయ్‌మనే శబ్దం వెళ్లడానికి దారి ఉండదు. లోహపు ల్యాప్‌టాప్‌ మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమనడం కూడా ఎక్కువగా ఇందువల్లే. ఇది పాటకు మించిన విషయం. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్‌ చూపించుకోవడం మంచిది. పాట శుభ్రపడటం దాంతోపాటు వచ్చే లాభం.

నీళ్లు కలిపిన పాలు

రెండో మజిలీ ఫైలు. 2000ల్లో సినిమా పాటలు దించుకుని హార్డ్‌డిస్కులు నింపుకున్న తరం ఉంది. ఆ ఖజానా ఇప్పటికీ చాలామంది దగ్గర భద్రంగానే ఉంది. అందులో ఎక్కువ భాగం 128 కేబీపీఎస్‌ ఎంపీ3లే. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్ల సమాచారం ఉంటే ఈ ఎంపీ3ల్లో ఉండేది 128. అంటే పదకొండో వంతు! చెవి పట్టించుకోదనుకున్న శబ్దాలను తీసేసి ఫైలును కుదించడమే ఎంపీ3 చేసే పని. ఆ కత్తిరింపు ఎంత సున్నితంగా ఉండాలో తేల్చుకోవడానికి జర్మనీ పరిశోధకుడు కార్ల్‌హైన్జ్‌ బ్రాండెన్‌బర్గ్‌ ఒకే పాటను మళ్లీ మళ్లీ విన్నారు. అది సుజానే వేగా పాడిన 'టామ్స్‌ డైనర్‌'. అందులో వాయిద్యాల్లేవు, ఒట్టి గొంతే. మొదట్లో కుదించిన ఫైలులో ఆ గొంతు ఘోరంగా వినిపించిందట. గొంతు బాగా వచ్చేదాకా పద్ధతిని సరిదిద్దుతూ పోయారు. మనిషి గొంతును మోసం చేయడం అంత కష్టం మరి!

పాత 128 ఫైళ్లలో తాళాలు, గజ్జెలు 'ష్‌ష్‌' మని కరిగిపోయినట్టు వినిపిస్తే అది హెడ్‌ఫోన్‌ తప్పు కాదు. పైగా మంచి హెడ్‌ఫోన్‌ కొంటే ఆ లోపం ఇంకా బాగా వినిపిస్తుంది! కొంతమంది ఆ ఫైళ్లనే సాఫ్ట్‌వేర్‌తో 320కి మార్చుకుని తృప్తి పడతారు. నీళ్లు కలిపిన పాలను పెద్ద గిన్నెలో పోస్తే చిక్కబడవు కదా. ఒకసారి పోయిన శబ్దం తిరిగిరాదు. ఇంట్లో ఒరిజినల్‌ సీడీ మూలన పడి ఉంటే దాన్నుంచి మళ్లీ ఎక్కించుకోవడం ఉత్తమం. స్ట్రీమింగ్‌ వాడేవాళ్లు యాప్‌ సెట్టింగుల్లోకి వెళ్లి 'ఆడియో క్వాలిటీ'ని ఎక్కువకు మార్చుకోవాలి. డేటా ఆదా కోసం అది తక్కువలో ఉండిపోయి ఉండొచ్చు. ఎంపీ3 అయినా 256, 320 స్థాయికి వస్తే సీడీకీ దానికీ తేడా కనిపెట్టడం చాలామందికి కష్టమే. కాబట్టి అంతకుమించి 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్‌ అంటూ ఊరించే వాటికోసం డబ్బు పెట్టక్కర్లేదు. మనిషి చెవి వినగలిగేది అటూ ఇటుగా 20 కిలోహెర్ట్జ్‌ దాకా. వయసు పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది. సీడీ 22 కిలోహెర్ట్జ్‌ దాకా అందిస్తుంది. చాలదూ!

పెంచడం కన్నా తగ్గించడం...

మూడో మజిలీ కంప్యూటర్‌ సెట్టింగులు. విండోస్‌లో సౌండ్‌ సెట్టింగులు తెరిచి, మన హెడ్‌ఫోన్స్‌ పేరు మీద నొక్కితే 'ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్‌' అని ఉంటుంది. ల్యాప్‌టాప్‌ కంపెనీలు తమ చిన్న స్పీకర్లను గొప్పగా వినిపించడానికి పెట్టుకున్న తళుకులు ఇందులో ఉంటాయి. అవే హెడ్‌ఫోన్స్‌కీ అంటుకుంటే పాట సినిమా హాల్లో వెనక వరసలో కూర్చుని విన్నట్టుంటుంది. ఒకసారి ఆపి వినండి. నచ్చకపోతే మళ్లీ పెట్టుకోవచ్చు. వీఎల్‌సీ ప్లేయర్లో వాల్యూమ్‌ను 100 దాటించకూడదు. దాటితే శబ్దం చిరిగిపోతుంది.

చవక హెడ్‌ఫోన్స్‌కు బేస్‌ పిచ్చి. దుకాణంలో అర నిమిషం వినేవాణ్ని ఆకట్టుకోవాలంటే అదే దారి. ఆ దడదడలో గొంతు మునిగిపోతుంది. 'ఈక్వలైజర్‌ ఏపీఓ' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను విండోస్‌లో వేసుకుంటే కంప్యూటర్‌ నుంచి వచ్చే ప్రతి శబ్దాన్నీ మనకు కావాల్సినట్టు దిద్దుకోవచ్చు. 100 నుంచి 250 హెర్ట్జ్‌ మధ్య నాలుగైదు డెసిబెల్స్‌ తగ్గించి చూడండి. తెర తీసినట్టు గొంతు ముందుకొస్తుంది. చాలామంది చేసే పొరపాటు ఏంటంటే, గొంతు వినిపించడం లేదని ఆ భాగాన్ని పెంచుకుంటూ పోవడం. పెంచితే ఎక్కడో ఒకచోట శబ్దం హద్దు దాటి పగులుతుంది. అడ్డొచ్చేదాన్ని తగ్గించడమే పద్ధతి. ఇదంతా మన వల్ల కాదనుకునేవాళ్లకు 'ఆటోఈక్యూ' పేరుతో వేలాది మోడళ్లకు ముందే లెక్కకట్టిన అంకెలు ఉచితంగా దొరుకుతాయి. మీ మోడల్‌ పేరు వెతికి, ఆ అంకెల్ని ఎక్కించుకోవడమే.

మీటింగ్‌ మొదలవగానే రేడియో!

బ్లూటూత్‌ హెడ్‌ఫోన్స్‌ వాడేవాళ్లది మరో బాధ. పాట హాయిగా వినిపిస్తుంటుంది. ఆన్‌లైన్‌ క్లాసు మొదలై మైకు ఆన్‌ కాగానే శబ్దం పాత టెలిఫోన్లా మారిపోతుంది. కారణం ఇదీ... పాత బ్లూటూత్‌ పద్ధతిలో పాట వినడానికి ఒక దారి, మాట్లాడుతూ వినడానికి మరో దారి. రెండోది ఫోన్‌ మాటల కోసం పెట్టిన ఇరుకు సందు. మైకు అడిగిన మరుక్షణం హెడ్‌సెట్‌ ఆ సందులోకి దూరిపోతుంది. స్టీరియో కూడా పోతుంది. విరుగుడు తేలిక. మీటింగ్‌ యాప్‌ సెట్టింగుల్లో మైకుగా హెడ్‌సెట్‌ను తీసేసి ల్యాప్‌టాప్‌ మైకును ఎంచుకోవాలి. వినేది మాత్రం హెడ్‌ఫోన్లోనే. ఎల్‌ఈ ఆడియో అనే కొత్త పద్ధతి ఈ ఇబ్బందిని చాలావరకు తొలగిస్తోంది గానీ అది హెడ్‌సెట్‌లోనూ, కంప్యూటర్లోనూ ఉండాలి.

ఇక చెవి దగ్గరి మజిలీ. చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లతో పాటు చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో రబ్బరు తొడుగులు ఇస్తారు. చాలామంది మిగతావి డబ్బాలోనే ఉంచి మరచిపోతారు. తొడుగు చెవిని సరిగా మూయకపోతే బేస్‌ అంతా బయటికి కారిపోతుంది. రెండు చెవులకూ రెండు సైజులు కావాల్సి రావచ్చు, తప్పేం లేదు. ఒకవైపు శబ్దం తగ్గితే జాలీలో గులిమి చేరిందేమో చూడాలి. జాలీని కిందికి పెట్టి, మెత్తటి పొడి బ్రష్షుతో దులపాలి. పిన్నీసుతో పొడవకూడదు. చెవి మొత్తాన్నీ కప్పే హెడ్‌ఫోన్లకైతే మెత్తలు ప్రాణం. నల్లటి పొర పెచ్చులు పెచ్చులుగా ఊడి చెంపలకు అంటుకోవడం మొదలైందంటే శబ్దం కూడా కారిపోతున్నట్టే. మెత్తలు విడిగా అమ్ముతారు. కొత్త హెడ్‌ఫోన్‌ ధరతో పోలిస్తే వాటికయ్యేది తక్కువే.

జేబులో చెయ్యి పెట్టే ముందు

ఇవన్నీ చేశాకా కిర్రుమంటోందా? అప్పుడు మొదటి ఖర్చు యూఎస్‌బీ డాంగిల్‌ మీద. కంప్యూటర్లో పాట అంకెల రూపంలో ఉంటుంది. దాన్ని కరెంటు అలలుగా మార్చేదాన్ని డ్యాక్‌ అంటారు. డాంగిల్‌లో ఆ డ్యాక్‌, చిన్న ఆంప్లిఫయర్‌ రెండూ ఉంటాయి. మార్పిడి పని కేబినెట్‌ గోలకు దూరంగా బయట జరుగుతుంది. ఇందుకు వేలకు వేలు పోయనక్కర్లేదు. ఆపిల్‌ కంపెనీ 2018లో అమెరికాలో 9 డాలర్లకు తెచ్చిన చిన్న యూఎస్‌బీ-సి డాంగిల్‌, తనకన్నా ఎన్నో రెట్లు ఖరీదైన డ్యాక్‌లకు దీటుగా ఉందని కొలిచి చూసినవాళ్లు ఆశ్చర్యపోయారు. విండోస్‌ కంప్యూటర్లోనూ పనిచేస్తుంది. కొన్ని ఆండ్రాయిడ్‌ ఫోన్లలో మాత్రం వాల్యూమ్‌ తగ్గుతుంది.

ఇక్కడో మోసం ఉంది. కోఠీ గుజరాతీ గల్లీలోనో, ఏ ఊళ్లోనైనా మొబైల్‌ షాపులోనో వందకో నూటయాభైకో 'టైప్‌-సి టు 3.5' వైర్లు వేలాడుతుంటాయి. వాటిలో కొన్నింటిలో డ్యాక్‌ ఉండదు, ఒట్టి తీగే. కొన్ని ఫోన్లలో పనిచేస్తాయి గానీ కంప్యూటర్లో పెడితే చప్పుడే ఉండదు. 'లోపల డ్యాక్‌ ఉందా అన్నా' అని అడిగి, వీలైతే ల్యాప్‌టాప్‌లో పెట్టించి చూసి కొనాలి. బ్లూటూత్‌ వాడేవాళ్లకు ఈ డాంగిల్‌తో పనే లేదు. డ్యాక్‌, ఆంప్లిఫయర్‌ రెండూ వాళ్ల హెడ్‌ఫోన్లోనే ఉంటాయి. బంగారు పూత పిన్నులు, లావాటి వైర్లు అంటూ అదనంగా గుంజేవాటిని వదిలేయొచ్చు.

హెడ్‌ఫోనే మార్చాలనుకుంటే ధరను చూసి నాణ్యతను అంచనా వేయకూడదు. జెరోన్‌ బ్రీబార్ట్‌ అనే పరిశోధకుడు 2017లో 283 హెడ్‌ఫోన్ల కొలతలు తీసి, వాటి ధరలతో పోల్చి చూశారు. ఏ శబ్దాన్ని ఎంత మోతాదులో వినిపిస్తున్నాయన్న దానికీ, ధరకూ సంబంధమే కనిపించలేదు! ధరలో డిజైను, సౌకర్యం, మన్నిక, పేరు కూడా కలిసి ఉంటాయి మరి. వైరున్న ఇయర్‌ఫోన్లలో మూన్‌డ్రాప్‌, కేజెడ్‌ వంటి చైనా కంపెనీలు రెండు వేల చుట్టుపక్కల ఇస్తున్న మోడళ్లు కొన్ని ఏళ్ల కిందట పది వేలు పెట్టినా దొరకనంత బాగున్నాయంటే అతిశయోక్తి కాదు. బ్లూటూత్‌లో అదే డబ్బుకు బ్యాటరీ, చిప్పు, పెట్టె కూడా రావాలి కాబట్టి స్పీకర్‌కు మిగిలేది తక్కువ. తక్కువ బడ్జెట్‌లో వైరే రాజు. పెట్టె మీద 'ఇంపీడెన్స్‌' అంకె చూసుకోవడం మరచిపోవద్దు. 16, 32 ఓమ్స్‌ అయితే ల్యాప్‌టాప్‌ తేలిగ్గా నడుపుతుంది. 250, 300 ఓమ్స్‌వి స్టూడియోల కోసం. విడిగా ఆంప్లిఫయర్‌ లేకపోతే చాలా కంప్యూటర్లలో అవి నీరసంగా మోగుతాయి. సికింద్రాబాద్‌ సీటీసీలోనో మరోచోటో కొనేటప్పుడు షాపువాళ్లు పెట్టే దడదడల పాట వినొద్దు. మీకు పదేళ్లుగా నోటికి వచ్చిన పాటను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. ఆ పాటలో గొంతు ఎలా ఉండాలో మీకన్నా ఎవరికీ తెలీదు.

వాల్యూమ్‌ వెనక ఉన్నది

ఇంత తంటా దేనికి, సౌండు పెంచుకుంటే పోలేదా అనిపించొచ్చు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. తొడుగు వదులైనా, గుయ్‌మన్నా, బేస్‌లో గొంతు మునిగినా మనం మొదట చేసేది వాల్యూమ్‌ పెంచడమే. బయట ఫ్యానూ, టీవీ, ట్రాఫిక్‌ ఉంటే ఇంకాస్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్‌ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినొచ్చు. 90 డెసిబెల్స్‌ అయితే వారానికి నాలుగు గంటలే! పెరిగింది పదే, సమయం మాత్రం పదో వంతుకు పడిపోయింది. ప్రతి 3 డెసిబెల్స్‌కూ శబ్దశక్తి రెట్టింపవడమే ఇందుకు కారణం. పిల్లలకు హద్దు ఇంకా తక్కువ, 75 డెసిబెల్స్‌. రోజుకు ఐదారు గంటలు కోచింగ్‌ క్లాసులు, ఆపైన పాటలు, గేములు... ఇవన్నీ కలిపితే వారం కోటా ఎప్పుడో దాటిపోతుంది. వాల్యూమ్‌ను 60 శాతం లోపు ఉంచమని ఆ సంస్థ చెబుతోంది. అంతలో వినిపించడం లేదంటే పైన చెప్పిన మజిలీల్లో ఎక్కడో లోపమున్నట్టే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు. క్లాసు అయ్యాక పిల్లలు చెవుల్లో 'గీ'మంటోందని చెబితే ఆరోజుకు హెడ్‌ఫోన్స్‌ పక్కన పెట్టించాలి. తరచూ అంటుంటే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాలి.

ఇంట్లో తాతగారికో, అమ్మమ్మకో ఒక చెవి సరిగా వినిపించకపోతే వాళ్లకు హెడ్‌ఫోన్స్‌ ఇచ్చేముందు ఇంకో పని చేయాలి. విండోస్‌ 11లో సెట్టింగులు తెరిచి, 'యాక్సెసిబిలిటీ'లో 'ఆడియో'లోకి వెళితే 'మోనో ఆడియో' అని ఉంటుంది. దాన్ని ఆన్‌ చేస్తే రెండువైపుల శబ్దమూ కలిసి రెండు చెవులకూ వెళుతుంది. ఎడమవైపు పెట్టిన వీణ కూడా కుడి చెవికి వినిపిస్తుంది. పాట అయిపోయాక మళ్లీ ఆఫ్‌ చేయడం మరచిపోతే మాత్రం... ఆ తర్వాత కూర్చున్న మనవడు 'హెడ్‌ఫోన్స్‌ పాడైపోయాయమ్మా' అంటాడు!